బాడుగ కొత్తోడూ, ధర్మవరం కాళ్ళూ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మాట పడలేను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను నేను. నా నోట్లో పడిన చీమ ఏనుగై బయటికొస్తుంది. ఏనుగే పడితే అది కొండై, నెత్తిన ఒక కోట కూడా కట్టుకుని వస్తుంది. మా ఇంటావిడ నా మాటల్ని బియ్యం చెరిగినట్టు చెరిగి, పొట్టు ఊదేసి, మిగిలిన గింజల్ని మాత్రమే నమ్ముతుంది. మీరూ అట్లాగే చేసుకోండి. చేట మాత్రం మీరే తెచ్చుకోవాలి. ఒక్క సంగతి. ఎక్కడెక్కడ మీకు "ఇది మాత్రం పచ్చి కోత" అనిపిస్తుందో, అక్కడ చాలావరకు జరిగిందే ఉంటుంది. నేను నిజంగా అల్లింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. అంతదాకా చేట ఊపుతూ ఉండండి.

అరవైలు మొదలైన కాలం. హిందూపురంలో బెల్లం మండీ వెనక ఒక మోటారు స్కూలు ఉండేది. స్కూలంటే గంటా బెంచీలూ కాదు. ఒక కారు, దాని నీడకి ఒక రేకుల కొట్టం, పాఠం చెప్పడానికి నేను. యజమాని బెల్లం వ్యాపారి. ఎవరో దొర వదిలేసి పోయిన కారుని వేలంలో కొన్నాడు. మామూలు రోజుల్లో అది మనుషులకి డ్రైవింగు నేర్పేది, సంతరోజు బెల్లం దిమ్మెలు మోసేది. అందువల్ల దాని సీట్లు ఏడాది పొడవునా పాకం మీదే ఉండేవి. కూర్చున్నవాడు లేచినా వాడి పంచె లేచేది కాదు. హిందూపురంలోని ఈగలన్నీ అందులోనే కాపురం. మేం ఎటు పోతే అటు వచ్చేవి, మేం ఆగితే ఆగేవి. వాటిలో కొన్ని ముసలి ఈగలకి నాకంటే బాగా గేర్లు తెలుసని నాకు ఇప్పటికీ అనుమానం.

డ్రైవరు కాళ్ళ దగ్గర అడుగురేకు తుప్పుపట్టి పళ్ళెమంత రంధ్రం పడింది. ఆ కారులో వేగం చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి, ఆ రంధ్రంలోంచే చూసుకునేవాళ్ళం. కింద గులకరాళ్ళు విడివిడిగా కనిపిస్తే ఒకటో గేరు. గీతల్లాగా కనిపిస్తే రెండు. మూడో గేరులో ఏం కనిపిస్తుందో చూసిన విద్యార్థి ఎవడూ లేడు. ఎడమవైపు, అంటే పాఠం చెప్పేవాడి కాళ్ళ దగ్గర, కమ్మరి చేత పెట్టించిన రెండో బ్రేకు ఉండేది. విద్యార్థి చెరువులోకి దారి తీస్తే నేను దాన్ని తొక్కేవాణ్ణి.

ఊళ్ళో కుర్రకారంతా కుడివైపు సీటు కోసం చచ్చేవాళ్ళు. నా ప్రాణం ఎడమ సీటు మీద ఉండేది. నేను పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసేవాళ్ళ ఇంట్లో. మీసాలు రాకముందే మగ్గం గుంటలోంచి లేచి పారిపోయి, వేరుశనగ మూటలు మోసే చెనిక్కాయల లారీ ఎక్కాను. లారీ తోలినన్నాళ్ళూ నేనొక్కణ్ణే పోయాను, నేనొక్కణ్ణే వచ్చాను. ఎడమ సీట్లో కూర్చున్నాక తెలిసింది, ఇంకొకణ్ణి తోలించడంలో ఎంత మజా ఉందో. మొదటిరోజు స్టీరింగుని పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. వేళ్ళు తెల్లబడిపోతాయి. కొన్నాళ్ళకి ఒక పొద్దున, వాడికి తెలియకుండానే, ఆ వేళ్ళు వదులవుతాయి. అది చూడ్డానికే నేను బతికున్నానని చెప్తే మీరు చేట ఊపుతారు. ఊపుకోండి.

అట్లా హాయిగా ఉండగా, చుట్టుపక్కల ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఉత్తరువు మా ఊరికీ వచ్చింది. ఇకమీదట ఎవడు పడితే వాడు డ్రైవింగు నేర్పకూడదు. పెనుకొండకి వచ్చే బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గర పరీక్ష పాసవ్వాలి. బళ్ళ బ్రేకులు చూసి సంతకం పెట్టే మోటారు అధికారిని మా వైపు అందరూ బ్రేకు ఇన్‌స్పెక్టరనే పిలిచేవాళ్ళు.

యజమాని నన్ను మండీకి పిలిపించాడు. పక్కన మేనల్లుణ్ణి నిలబెట్టుకున్నాడు. ఆ పిల్లవాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మండీ చీకట్లో బెల్లం దిమ్మెలకి తగులుకుంటూ తిరిగేవాడు.

"ఏమప్పా, నువ్వు పాసైతే సరి. లేకుంటే మావాడు ఉండాడు. ఎస్సెస్సెల్సీ చదివినాడు. నీ చెనిక్కాయల లారీ యాడికీ పోలేదు, ఆడనే నిలబడుండాది," అన్నాడు.

అదీ సంగతి. పాసైతే ఎడమ సీటు. తప్పితే లారీ.

పెనుకొండలో ప్రయాణికుల బంగళా వరండాలో పరీక్ష. ఇన్‌స్పెక్టరు సర్కారు జిల్లాల మనిషి. ఆయన మీసాలకి అటొకటి ఇటొకటి ఎర్రదీపాలు తగిలిస్తే ఎదురొచ్చే లారీలు పక్కకి తప్పుకునేవి. అంత వెడల్పు. చేతిలో ఒక ఇంగ్లీషు పుస్తకం. నన్ను నిలబెట్టి అడిగాడు.

"కొత్త విద్యార్థి వచ్చాడు. మొదటిరోజు ఏం నేర్పుతావు?"

"ఆపడం సార్."

"ఏవిటీ?"

"బండి ఆపడం."

"కదలని బండిని ఆపడవేవిటయ్యా! ముందు ఇంజను భాగాలు చెప్పాలి. తర్వాత స్టార్టు చెయ్యడం. తర్వాత నడపడం. ఆపడం ఆఖర్న. పుస్తకంలో అలాగే ఉంది."

"ఆ పుస్తకం రాసినాయప్ప ఎప్పుడైనా ఎడమ సీట్లో కూచున్నాడా సార్?"

పోయింది. మొదటి పరీక్ష అక్కడితో పోయింది. కానీ నేనేం తప్పు చెప్పానండీ? ఉరకడం దూడకి కూడా వస్తుంది, పుట్టిన పూటే. నిలబడడమే నేర్పాలి. ఆపడం తన చేతిలో ఉందని తెలిసినవాడికే భయం పోతుంది. ఇంజను భాగాలు కంఠస్థం చేసి చెట్టుకి గుద్దినవాళ్ళని నేను చూశాను. గుద్దుకున్నాక ఏ భాగం ఎక్కడ పడిందో చక్కగా పేర్లు చెప్పేవాళ్ళు.

రెండోసారి పోయాను. అదే వరండా, అవే మీసాలు, అదే ప్రశ్న. నేనూ అదే జవాబు చెప్పాను. ఈసారి కొంచెం గట్టిగా చెప్పాను, ఒకవేళ మొదటిసారి వినపడలేదేమోనని. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు.

"నీది నోరు కాదయ్యా, హారను. ఇక నీతో నోటి పరీక్ష లేదు. ఈసారి వచ్చేటప్పుడు ఒక కొత్తవాణ్ణి తెచ్చుకో. నువ్వన్నట్టే ముందు ఆపడం నేర్పి, ఆ కొండ దారి ఎక్కించు. ఎక్కితే సంతకం. ఎక్కకపోతే మళ్ళీ నా వరండా మెట్లు తొక్కకు."

ఇంటికొస్తే మా ఇంటావిడ అందుకుంది. "పొద్దున లేసినకాన్నుంచి ఇన్ని అబద్ధాలు చెప్తావే, ఆడ పోయి ఒక్కటి చెప్పలేవా? ఇంజను భాగాలు అంటే నీ నాలుక అరిగిపోతాదా?"

"అబద్ధమైతే చెప్తానే. అది తప్పు. అబద్ధానికి రుచన్నా ఉంటాది, తప్పుకేముంటాది?"

"రుచి సంగతి లారీ ఎక్కినాక చూసుకుందువులే," అని చేట ఎత్తి గోడకి తగిలించింది.

ఇక్కడ మీకు బాడుగ కొత్తోడి గురించి చెప్పాలి. చేట గట్టిగా పట్టుకోండి.

నోటి పరీక్ష అయ్యాక ఒక కొత్తవాణ్ణి తెచ్చి పాఠం చెప్పి చూపించాలన్నది అందరికీ ఉన్న రూలే. అది ఎన్నో ఏళ్ళ కిందట వచ్చిన మరునాటికే పెనుకొండలో ఒక వృత్తి పుట్టింది. పాత లారీ క్లీనరు ఒకడు ఉండేవాడు. కళ్ళకి గంతలు కట్టినా వెనకగేరులో బెంగుళూరు పోయి రాగలడు. పరీక్షరోజు మాత్రం వాడు కొత్తవాడు. చుట్టుపక్కల ఊళ్ళ స్కూళ్ళన్నీ వాణ్ణే పిలిచేవి. బాడుగ ఏమంటే ఒక పూట సంగటి, ఒక బీడీల కట్ట. ఏళ్ళు గడిచినా, తల నెరిసినా, వాడు కొత్తవాడే. కారు దగ్గరికి రాగానే వణికేవాడు. స్టీరింగుని చూపించి, నెత్తిన తట్ట కింద పెట్టుకునే గుడ్డచుట్ట అనుకున్నట్టు, "ఇదేమి సామీ, తట్టకి చుట్టా?" అని అడిగేవాడు. కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చెప్పగానే, దేవుడు పూనినట్టు, కొండెక్కించి దించేవాడు. చూసినవాళ్ళు "అబ్బా, ఏం నేర్పినాడప్పా!" అనేవాళ్ళు.

ఇన్‌స్పెక్టరుకి తెలియదా అంటారు. తెలుసు. అందరికంటే ఆయనకే బాగా తెలుసు. వెనక సీట్లో కూర్చోవాల్సింది ఆయనే. నిజమైన కొత్తవాడు తోలే కారులో కొండెక్కడానికి ఆయనకేం ఖర్మ? పిల్లలు గలవాడు. బాడుగ కొత్తోడు కనపడగానే ఆయన మీసాలు కూడా కొంచెం వదులయ్యేవి.

యజమాని మేనల్లుడు వాణ్ణి ముందే మాట్లాడుకున్నాడు. "నీక్కూడా వాణ్ణే ఇప్పిస్తాలే, నా పాఠం అయినాక," అన్నాడు యజమాని. మంచి మనిషే పాపం.

"వద్దు సామీ. నేర్చినోనికి నేర్పితే అది నేర్పడమా? నిజంగా కొత్తోణ్ణే తెస్తా."

"యాడుండాడు?"

"ధర్మవరంలో."

ధర్మవరం బయల్దేరాను. అక్కడ మా అక్క మొగుడు, అంటే మా బావ, పట్టు నేసేవాడు. ఆయన ఊరు దాటితే రైలు, ఊళ్ళో ఉంటే నడక. కారు అనేదాన్ని ఆయన ఎరిగింది దాని దుమ్ము వల్లనే. నేను పోయేసరికి గుంటమగ్గంలో కూర్చుని ఉన్నాడు. నడుము పైన మనిషి నేల మీద, నడుము కింద మనిషి గుంటలో. కింద రెండు తొక్కుడు చెక్కలు. ఒక కాలు దిగుతుంటే రెండోది లేస్తుంది. పైన పోగులు నోరు తెరుస్తాయి, మధ్యలోంచి అడ్డపోగు మోసుకుంటూ నాడె పరుగెడుతుంది. తన కాళ్ళంటే ఆయనకి మహా గర్వం. సాయంత్రాలు వాటికి ఆముదం రాసి, వీధి అరుగు మీద అందరికీ కనపడేలా చాపుకుని కూర్చునేవాడు.

"ఏమబ్బా, మగ్గం వదిలి పారిపోయినోడా! ఇంగేమి వదిలి పారిపోయి వచ్చినావు?"

"పారిపోలేదు బావా. నిన్ను తీసుకపోదామని వచ్చినా. పెనుకొండలో కారు తోలల్ల నువ్వు."

నాడె ఆగింది. రెండు కాళ్ళూ లేచాయి. వంటింట్లోంచి మా అక్క తొంగిచూసింది.

"నేనా?"

"నువ్వే. నీకు ఏమీ రాదు కదా, అందుకే."

"ఏమీ రాదంటావా? నా కాళ్ళకు రానిది ఏముందబ్బా ఈ ధర్మవరంలో?"

"కారు."

మా అక్క అందుకుంది. "పోనీలేరా, తీసకపో. ఆ కాళ్ళను వీధి వీధంతా చూసినారు, కొండ కూడా చూస్తాది."

రైల్లో ధర్మవరం నుంచి పెనుకొండ దాకా బావ నన్ను గిల్లుతూనే ఉన్నాడు. కారులో ఏముంటాది, యాడ పట్టుకోవల్ల, యాడ తొక్కల్ల. నేను నోరు విప్పితే ఒట్టు. అప్పటికి నా జన్మలో అంతసేపు మౌనంగా ఉన్నది లేదు, ఆ తర్వాతా లేదు. ఒక్క ముక్క ముందే చెప్పినా నా కొత్తవాడు సగం పాతవాడైపోతాడు. ఎదురు బెంచీ మీది ముసలమ్మ నన్ను మూగవాణ్ణనుకుని జాలిపడి, పండు వలిచి చేతిలో పెట్టింది.

మేం దిగి పోయేసరికి బంగళా ముందు సగం పెనుకొండ ఉంది. నిజానికి పదిమంది ఉంటారేమో. మా కారు వచ్చి ఉంది, ఈగలు వచ్చి ఉన్నాయి, యజమాని గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు.

మేనల్లుడి పాఠం ముందు. నల్లకళ్ళద్దాలు సర్దుకుని ఇంజను భాగాలన్నీ ఇంగ్లీషులో ఏకరువు పెట్టాడు. బాడుగ కొత్తోడు ఒక్కో మాటకి ఒక్కోసారి వణికాడు. "ఇదేమి సామీ, తట్టకి చుట్టా?" అన్నాడు. తర్వాత ఎక్కి కూర్చుని, కారుని కొండ దారిలో నున్నగా పైకి తీసుకుపోయాడు. అంతవరకు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు వాడి పాత అలవాటు వాణ్ణి పట్టించింది. మా వైపు లారీలవాళ్ళు దిగుడు రాగానే ఇంజను ఆపేసి, పెట్రోలు మిగుల్చుకుంటూ ఊరికే జారిపోయేవాళ్ళు. ఆరోజే తొలిసారి కారు చూసిన ఆ కొత్తవాడు, దిగుడు మొదలవగానే టక్కున ఇంజను ఆపేసి, మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని, ఈల వేస్తూ దిగి వచ్చాడు. జనమంతా చూశారు. వెనక సీట్లో ఉన్న ఇన్‌స్పెక్టరు మాత్రం కిటికీలోంచి ఆకాశంలో గద్దని చూశాడు. మేనల్లుడు పాస్.

"తర్వాత!"

నేను బావని ముందుకి నెట్టాను. ఇన్‌స్పెక్టరుకి ఇంకా నా కొత్తవాడి మీద ధ్యాస లేదు, నా మీదే ఉంది. "నీ కాళ్ళ మీద నాకు నమ్మకం లేదయ్యా. ఆ రెండో బ్రేకుని దొంగచాటుగా తొక్కి, పాఠం ఫలించిందంటావు. సీటు మీద బాసింపట్టు వేసుకు కూర్చో. కాలు కింద పెట్టావంటే ఫెయిలు." సరేనని పెళ్ళిపీటల మీద వరుడిలాగా కాళ్ళు మడిచి కూర్చున్నాను. ఆయన వెనక ఎక్కాడు. అప్పుడు బావ వైపు చూశాడు.

"ఏవయ్యా, ఎప్పుడైనా కారు తోలావా?"

"దాని దుమ్ము తిన్నా సామీ. తోల్లేదు."

ఆ గొంతులో ఏదో నిజం వినపడింది ఆయనకి. ముందుకి వంగి నా చెవిలో అడిగాడు. "నీకు కొత్తవాడు దొరకలేదా?"

"ఇతను కొత్తోడే సార్."

"అబ్బ, అది కాదయ్యా! మన కొత్తవాడు. అడుగో అక్కడ బీడీ వెలిగిస్తున్నాడే, ఆ కొత్తవాడు."

"ఆయప్ప పాతోడు సార్. ఈయన నిజంగానే కొత్తోడు. మా అక్క మీద ఒట్టు."

ఇన్‌స్పెక్టరు మీసాలు రెండూ ఒక్కసారిగా లోపలికి ముడుచుకున్నాయి. "కాళ్ళు దించవయ్యా."

"మీరే కదా సార్ మడవమన్నారు."

"ఇప్పుడు నేనే దించమంటున్నాను."

"పాఠం మొదలైపోయింది సార్. నడిమధ్యలో రూలు మారిస్తే విద్యార్థి బెదురుకుంటాడు."

"నేనేం బెదరనులే," అన్నాడు బావ.

"నువ్వు ఊరుకో బావా."

కాళ్ళు దించలేదు. బొటనవేళ్ళు పట్టుకుని ఇంకొంచెం గట్టిగా మడుచుకున్నాను.

బావ కిందికి చూశాడు. అడుగురేకు రంధ్రంలోంచి నేల కనిపించింది. ఆయన ముఖం వికసించింది. "ఇదేమబ్బా, మన గుంట మాదిరే ఉండాది!"

"మన గుంటే అనుకో. చెక్కలు మాత్రం మూడుండాయి. ఎడం చివరిది నీ ఎడం కాలికి. తక్కిన రెండూ కుడికాలికి, నడిమిదీ, ఆ పక్కదీ. ఇప్పుడు చెప్పు బావా, మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తావు?"

"రెండు కాళ్ళూ ఎత్తేస్తా. మగ్గం నిలబడిపోతాది."

"ఆ, ఈ మగ్గం తిరకాసుది. ఈడ పోగు తెగితే రెండు కాళ్ళూ తొక్కల్ల. ఎడంకాలు దానిది, కుడికాలు నడిమిది. అదిమి తొక్కితే నిలబడిపోతాది. ఎత్తినావా, మనల్ని ఎత్తేస్తాది."

అంతే నా మొదటి పాఠం. బండి కదలకముందే ఆపడం. "పోగు తెగింది!" అని నేను అరుస్తాను, ఆయన రెండు కాళ్ళూ దించుతాడు. మళ్ళీ "పోగు తెగింది!" మళ్ళీ దించుతాడు. కాసేపటికి చుట్టూ ఉన్న జనం కూడా అరవడం మొదలుపెట్టారు. వెనక నుంచి ఇన్‌స్పెక్టరు, "కారు కదిలేదుందా, లేదా?" అన్నాడు. ఆ గొంతులో కదలకపోతే బాగుండుననే ఆశే ఎక్కువ.

"నిలబడడం వచ్చేసింది సార్. ఇంగ కదుల్తాది." బావకి చెప్పాను. "ఎడంకాలు నిదానంగా లేస్తాంటే కుడికాలు ఆ చివరి చెక్క మీద దిగల్ల. ఎగేసి తొక్కద్దు. పట్టుపోగు తెగకుండా తొక్కు."

ఎవరో ముందుకొచ్చి హేండిలు తిప్పారు. ఇంజను దగ్గింది. నేను గేరు చూపించాను. బావ ఎడంకాలు లేచింది, కుడికాలు దిగింది. నేను ఎందరికో నేర్పాను. కొత్తవాడు మొదటిసారి కదిలిస్తే కారు కప్పలా గెంతుతుంది, వెనక కూర్చున్నవాడి టోపీ ముందుకొస్తుంది. బావ కదిలిస్తే ఈగలకి కూడా తెలియలేదు. కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. కాళ్ళు అంత బాగున్నాయి గానీ, కళ్ళు మాత్రం రంధ్రంలోనే ఉన్నాయి.

"బావా, దారి చూడు!"

తల ఎత్తలేదు. "నేసేటప్పుడు కాళ్ళు చూస్తారా, చీర చూస్తారా?" అని అడిగాను.

"చీరే."

"ఆ దారే చీర. దాన్ని చూడు."

తల ఎత్తాడు. కారు కొండ దారి ఎక్కుతోంది. రంధ్రంలో గులకరాళ్ళు ఒక్కొక్కటిగా, పేరుపేరునా పలకరించి పోతున్నాయి. ఇన్‌స్పెక్టరు మెల్లగా ఊపిరి వదిలాడు. సరిగ్గా అప్పుడు బాడుగ కొత్తోడు, తన పని అయిపోయింది కాబట్టి, నడిరోడ్డు మీద బీడీ తాగుకుంటూ, మాకు వీపు పెట్టి పైకి నడుస్తున్నాడు. హారను కొట్టడం నేను ఇంకా నేర్పలేదు. వాడు అలికిడికి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే నిలబడిపోయాడు.

బావకి గుండె ఝల్లుమంది. గుండె ఝల్లుమంటే మనిషి నిన్న నేర్చింది చెయ్యడు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేసింది చేస్తాడు. అప్పటిదాకా సగం తొక్కి ఉంచిన ఎడంకాలితో సహా, రెండు కాళ్ళూ ఎత్తేశాడు.

కారు ఒక్క గెంతు గెంతింది. ఇంకో గెంతు గెంతింది. వెనక నుంచి ఇన్‌స్పెక్టరు, "బ్రేకు! క్లచ్చి! బ్రేకు!" అని అరుస్తున్నాడు. ఆ మాటలు బావకి ఏం తెలుసు? నేను ఒక్క భాగం పేరు కూడా చెప్పలేదాయె. నా కాళ్ళు కమ్మరి బ్రేకు వైపు పరుగెత్తబోయాయి. వాటి మీద రెండు చేతులూ వేసి నొక్కి పట్టుకున్నాను. కాలు దించితే ఫెయిలు. దించకపోతే బాడుగ కొత్తోడి పొట్ట. ఒక్క క్షణం నేను లారీ ఎక్కేశాను, చెనిక్కాయల మూటల వాసన కూడా వచ్చేసింది. అప్పుడు నా నోట్లోంచి మామూలు గొంతుతో మాట వచ్చింది.

"బావా, పోగు తెగింది."

"తెగిందా!"

రెండు కాళ్ళూ దిగాయి. కారు నిలబడింది. దాని మూతి బాడుగ కొత్తోడి పొట్టకి ఆనీ ఆననట్టుంది. వాడి నోట్లోని బీడీ జారి బానెట్టు మీద పడింది. అన్నేళ్ళుగా సంగటికి వణికిన మనిషి, ఆరోజు ఉచితంగా వణికాడు.

బావ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఏమప్పా, నువ్వేనా నా పోగు?"

ఇన్‌స్పెక్టరు అప్పటికే తలుపు తీసుకుని దిగిపోయాడు. "మిగతాది నేను బయటినుంచి పరీక్షిస్తాను," అన్నాడు. కారు ఏటవాలు మీద ఉంది. అట్లాంటి చోట ఆగిన బండిని వెనక్కి జారకుండా ముందుకి కదిలించడం అంటే ఏళ్ళ తరబడి లారీ తోలినవాళ్ళకి కూడా చెమటలు పట్టే పని. చేతిబ్రేకు లాగి పెట్టమని చెప్పి, "బావా, ఇది నాడె తాడు. కాళ్ళ కింద ముడి బిగిసినట్టు తెలుస్తాది చూడు, అప్పుడు వదులు," అన్నాను. బావ కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. ఇద్దరం తెరిచేసరికి కారు పైకి పోతోంది.

మలుపు దగ్గర ఆపాము. అంటే, "పోగు తెగింది" అన్నాను, ఆయన ఆపాడు. యజమాని గొడుగు మడుచుకుని, ఆయాసపడుతూ మా వెనకే ఎక్కివచ్చాడు. మేనల్లుడు ఆయన వెనక. అందరికంటే ఆఖర్న ఇన్‌స్పెక్టరు. వచ్చి, ముఖం తుడుచుకుని, నా ముందు నిలబడి మళ్ళీ అదే అడిగాడు.

"మొదటిరోజు ఏం నేర్పుతావయ్యా?"

"ఆపడం సార్."

ఆయన జేబులోంచి కలం తీశాడు. "నువ్వు చెప్పిందే రైటయ్యా," అన్నాడు. సంతకం పెట్టాడు.

యజమాని మేనల్లుడి వైపు తిరిగాడు. "నీ కొత్తోడు దిగుడులో ఇంజను ఆపినాడే, అది నువ్వు నేర్పినావా?"

"లేదు మామా."

"మరెవరు నేర్పినారు?"

మేనల్లుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సరేలే. నువ్వు మండీలో కూచో. బెల్లానికి ఇంజను భాగాలు చెప్పుకుందువు. ఈయప్ప నేర్పింది నా కళ్ళతో చూస్తి." నా వైపు తిరిగి, "రేపు పొద్దున్నే రా. సీటు తుడిపించి పెడతా," అన్నాడు. తుడిపించలేదనుకోండి. ఆ బెల్లం ఇంకా ఏళ్ళపాటు నన్ను ఆ ఎడమ సీటుకే అంటించి ఉంచింది. బావ ధర్మవరం పోయి, అరుగు మీద కాళ్ళు అంతకుముందు కంటే ఇంకా ముందుకి చాపుకుని కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ కారు ముట్టలేదు. అవసరం లేదట.

ఇంక చేట కింద పెట్టండి. ఈగలు నిజం. రంధ్రం నిజం, పళ్ళెమంత కాకపోయినా గిన్నెంత ఉండేది. బాడుగ కొత్తోడు నిజం, వాడి వణుకు నిజం. బావ రెండు కాళ్ళూ ఎత్తిందీ నిజం, దించిందీ నిజం. నేను అల్లింది ఒక్క చోటే. ఇన్‌స్పెక్టరు "నువ్వు చెప్పిందే రైటయ్యా" అనలేదు. ఏమీ అనలేదు. సంతకం గీకి, కాగితం నా ముఖం వైపు చూడకుండా చేతిలో పెట్టి, మజ్జిగ తాగడానికి పోయాడు.

అనాల్సిన మాట అది. ఆయన మింగేస్తే నేను ఊరుకోవాలా? అందుకే ఆనాటి నుంచీ నేనే ఆయన చేత అనిపిస్తున్నాను. చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా అంటున్నాడు. ఈమధ్య అయితే నమస్కారం కూడా పెడుతున్నాడు.